రిసీవ్ అండ్ ఫైల్

కాలిఫోర్నియాలో మా కౌంటీ సూపర్వైజర్ల మీటింగ్ అజెండాలో కన్సెంట్ క్యాలెండర్ అని ఒక భాగం ఉంటుంది. చర్చ అక్కర్లేదనుకున్న ఐటమ్స్ అన్నీ అందులో పడేస్తారు. ఫలానా రోడ్డు మరమ్మతు బిల్లు, ఆసుపత్రికి గ్లౌజుల కాంట్రాక్టు, పోయిన మీటింగ్ మినిట్స్. అన్నింటికీ కలిపి ఒకే ఓటు. అరనిమిషంలో తేలిపోతుంది. వృద్ధుల సేవల మీద మా సలహా సంఘం ఏడాదంతా చేసిన పని కూడా ఏటా అందులోనే, గ్లౌజులకీ మినిట్స్‌కీ మధ్య ఎక్కడో ఉండేది. పక్కన సిఫారసు గడిలో మూడు మాటలు: రిసీవ్ అండ్ ఫైల్. అందింది, ఫైల్లో పెట్టాం, ఇక వెళ్ళి రండి.

ఈ సలహా సంఘాల సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళుగా బే ఏరియాలో ఉంటున్న వాళ్ళు కూడా "కౌంటీలో వాలంటీరా? అంటే లైబ్రరీలో పుస్తకాలు సర్దుతావా?" అని అడుగుతుంటారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. కౌంటీ మన జిల్లా లాంటిదే గానీ పైన ప్రభుత్వం పంపించిన కలెక్టర్ ఉండడు. జనం ఎన్నుకున్న ఐదుగురు సూపర్వైజర్లు ఉంటారు. బడ్జెట్ వాళ్ళదే, శాఖల్లో చాలావాటిని నడిపే కౌంటీ ఎగ్జిక్యూటివ్‌ని పెట్టుకునేదీ తీసేసేదీ వాళ్ళే. శాన్‌ఫ్రాన్సిస్కో ఒక్కటే వేరు, ఊరూ కౌంటీ ఒకటే కాబట్టి అక్కడ 11 మంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో దాదాపు కోటి మందికి ఐదుగురే ఉన్నారు, అది చాలదని 2024 నవంబర్‌లో ఓటర్లు ఆ సంఖ్యని 9కి పెంచడానికి ఒప్పుకున్నారు. జైళ్ళ నుంచి జ్వరాల దాకా అన్నీ ఐదుగురే చూడటం అయ్యే పని కాదు గనక విషయానికో సలహా సంఘం వేస్తారు. మానసిక ఆరోగ్యానికొకటి, లైబ్రరీలకొకటి, మహిళలకొకటి, కొన్నిచోట్ల చేపలకీ అడవి జంతువులకీ కూడా ఒకటి. జీతం ఉండదు. కొన్నింటిని సూపర్వైజర్లు తమంతట తాము వేస్తారు, కొన్నింటిని పై చట్టం వెయ్యమంటే వేస్తారు.

మాది రెండో రకం. 1965లో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ అని ఒకటుంది. దాని కింద డబ్బులందుకుని వృద్ధులకి సేవలందించే ప్రతి ఏరియా ఏజెన్సీకీ ఒక సలహా సంఘం ఉండాలి, అందులో సగానికి మించి 60 దాటినవాళ్ళు ఉండాలి. కాలిఫోర్నియాలో అలాంటి ఏజెన్సీలు 33. నేను అరవైలో పడ్డాక మా డిస్ట్రిక్ట్, అంటే కౌంటీలో మా భాగం నుంచి ఎన్నికైన సూపర్వైజర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో అన్నేళ్ళు తప్పులు పట్టిన దాన్ని, రిటైరయ్యాక మా ఆయన ఒక్కడి తప్పులతో సరిపెట్టుకోవడం కష్టమైంది.

చేరిన కొత్తలో నేను ఇచ్చిన మొదటి సలహా, అందరం కలిపి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకుందామని. తెలుగువాళ్ళం కదా, ఇద్దరు కలిస్తే గ్రూపు పెట్టకుండా ఉండలేం. శాఖ తరఫున మా సంఘం పనులు చూసే స్టాఫ్ లైజాన్ మొహం చూడాలి! బ్రౌన్ యాక్ట్ అంటూ కాగితాలు తీసింది. 1953 నాటి చట్టం. ప్రజల పని ప్రజల ముందే జరగాలన్నది దాని సారం. మామూలు మీటింగ్‌కి 72 గంటల ముందే అజెండా అతికించాలి, అందులో లేని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదు. సభ్యుల్లో మెజారిటీ మీటింగ్ బయట ఒక విషయం మాట్లాడుకుంటే తప్పే, ఒకరి నుంచి ఒకరికి గొలుసులా వెళ్ళినా తప్పే. ఈమెయిల్లో రిప్లై ఆల్ నొక్కితే గొలుసు పూర్తయినట్టే. వాట్సాప్ గ్రూప్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మొదట్లో చాదస్తం అనిపించింది. తర్వాత మన ఊళ్ళో గుడి కమిటీలు, కాలనీ సంఘాలు తలుచుకుంటే, అబ్బే, ఉండాల్సిన చట్టమే అనిపించింది.

అసలు విషయం నివేదిక. సలహా సంఘానికి ఖర్చు పెట్టే అధికారం లేదు, ఎవర్నీ పిలిచి నిలదీసే అధికారం లేదు. ఉన్నదల్లా ఏడాదికోసారి సూపర్వైజర్లకి రాసి ఇచ్చే కాగితం, ఆ కాగితం మీద మాట్లాడటానికి మూడు నిమిషాలు. ఆ ఒక్క అవకాశాన్నీ మేం ఏళ్ళ తరబడి ఎలా వాడామో చెబితే నవ్వుతారు. పద్నాలుగు పేజీలు. ఎన్ని మీటింగులు జరిగాయి, ఎవరెవరు వచ్చి ప్రెజెంటేషన్ ఇచ్చారు, ఏ హెల్త్ ఫెయిర్‌లో టేబుల్ వేశాం, ఆ టేబుల్ దగ్గర అందరం నవ్వుతూ దిగిన ఫొటో. ఆఖరి పేజీలో అందరికీ కృతజ్ఞతలు.

రాసేదెవరు? శాఖ స్టాఫ్. అంటే మేం ఏ శాఖ పనితీరు చూసి చెప్పాలో ఆ శాఖే మా తరఫున రాసిపెడుతుంది. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, మాకెవరికీ తీరిక లేదు, వాళ్ళకి టెంప్లేట్ ఉంది. కానీ మేం మీటింగ్‌లో "బస్సు రాక ముసలావిడ డాక్టర్ అపాయింట్‌మెంట్ పోయింది" అని గోలపెడితే అది నివేదికలోకి వెళ్ళేసరికి "రవాణాలో అవకాశాలున్నట్టు గుర్తించడమైనది" అయిపోయేది. ఉద్యోగి తన కాన్ఫిడెన్షియల్ రిపోర్టు తానే రాసుకుంటే ఎలా ఉంటుందో అలా.

నాన్న మా దగ్గరే ఉంటారు. ఒంగోలు కలెక్టరేట్‌లో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. ఇంట్లోకి వచ్చిన కాగితం ఏదైనా చదవందే వదలరు, కాస్ట్‌కో కూపన్ల పుస్తకంతో సహా. ఒకసారి ఆ పద్నాలుగు పేజీల డ్రాఫ్ట్ డైనింగ్ టేబుల్ మీద ఉంటే భూతద్దం పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇంగ్లీషు బాగుందమ్మా. ఇంతకీ వీళ్ళని ఏం చెయ్యమంటున్నారు?"

నేను ఎనిమిదో పేజీ చూపించాను. భోజన సేవల్లో సాంస్కృతిక వైవిధ్యం పెరగాల్సిన అవసరాన్ని కమిషన్ గుర్తించింది అని ఉంది. కమిషన్ అంటే మా సంఘమే.

"గుర్తించింది, సంతోషం. నేను సీట్లో ఉంటే దీన్ని ఏ సెక్షన్‌కి మార్క్ చెయ్యను? ఎవరికీ మార్క్ చెయ్యడానికి లేనప్పుడు ఎల్.డిస్. రాసి కట్ట కట్టేస్తాను" అన్నారు.

రెవెన్యూ ఆఫీసుల్లో ఫైలు ముగించే పద్ధతుల్లో ఎల్.డిస్. ఒకటి. ఇక చర్య ఏమీ అక్కర్లేదు, కొన్నాళ్ళుంచి తీసెయ్యొచ్చు అని. "గ్రీవెన్స్ రోజున వచ్చే అర్జీలు చూసేవాణ్ణి. ఒక అర్జీలో నాలుగు బాధలు రాసుకొచ్చినవాడికి ఒక్కటీ తీరేది కాదు. పాస్‌బుక్ రాలేదు, ఫలానా సర్వే నంబరు, ఇప్పించండి అని రెండు ముక్కలు రాసినవాడి కాగితం ఎవరో ఒకరి బల్ల మీదకి వెళ్ళక తప్పేది కాదు" అని ఆయన తన పాత రోజుల్లోకి వెళ్ళిపోయారు. నాన్న కథలు సాధారణంగా నేను సగం చెవితోనే వింటాను. ఈసారి పూర్తిగా విన్నాను.

ఎనిమిదో పేజీలో ఆ మెత్తటి వాక్యం వెనక ఉన్న అసలు కథ ఇది. సీనియర్ సెంటర్లలో మధ్యాహ్నం భోజనం పెడతారు. 60 దాటితే చాలు, ఆదాయం ఎంత అని అడగరు. భార్యకి 60 దాటితే భర్తకి ఎంత వయసున్నా ఇద్దరూ తినొచ్చు. బల్ల మీద మూతేసిన డబ్బా ఉంటుంది. అందులో ఇంత వేస్తే బాగుంటుందని రాసి ఉంటుంది, వెయ్యకపోయినా భోజనం లేదనకూడదు, వెయ్యమని బలవంతం చేస్తే చట్టవిరుద్ధం. ప్రతి భోజనంలోనూ మనిషికి ఒక రోజుకి కావలసిన పోషకాల్లో మూడో వంతు ఉండాలి, మెనూని డైటీషియన్ లెక్కగట్టి సంతకం పెట్టాలి. కాగితం మీద చూస్తే ఇంతకంటే గౌరవంగా ఎవరూ భోజనం పెట్టలేరు అనిపిస్తుంది.

ఇప్పుడు ప్లేటు చూడండి. పదకొండున్నరకి వరుస కడతారు. ట్రేలో చికెన్ ముక్కలు వేసిన పాస్తా, ఉడికించిన గ్రీన్ బీన్స్, ఒక బన్ను, నారింజ కాయ, చిన్న పాల డబ్బా. మనవాళ్ళ టేబుల్ ఒకటుంది, కిటికీ పక్కన. పిల్లల దగ్గర గ్రీన్‌కార్డు మీద ఉంటున్న అమ్మలూ నాన్నలూ, కొందరు గుజరాతీలు, కొందరు తమిళులు, మనవాళ్ళు. ఇంట్లో పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేక అక్కడికి వస్తారు. భోజనం నెపం, నాలుగు మాటలు అసలు పని. ఒక పెద్దావిడ ఫోర్కుతో చికెన్ ముక్కలు ఒక్కొక్కటే ప్లేటు అంచుకి జరిపి, అటు వైపు పాస్తా ముట్టుకోకుండా, బన్నూ బీన్సూ తినేది. పాల డబ్బాలు మాత్రం చేతిసంచిలోకి వెళ్ళిపోయేవి, ఇంటికెళ్ళి తోడు పెట్టుకోవడానికి. బయటికి తీసుకెళ్ళకూడదని గోడ మీద నోటీసు ఉంది. అక్కడి వాలంటీర్ ఆ టైముకి సరిగ్గా అటు తిరిగి ఏదో సర్దుకుంటూ ఉండేవాడు. మంచివాడు.

శాకాహారం లేదా అంటే ఉంది. ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి. ఇంగ్లీషులో, వాయిస్‌మెయిల్‌కి. చెబితే చీజ్ శాండ్‌విచ్. వారమంతా అదే.

మిల్పిటాస్‌లోని ఇండియా కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దలకి మన శాకాహార భోజనం దొరుకుతుంది. మా కౌంటీ పెద్దవాళ్ళు దాన్ని గురించి తిరుపతి లడ్డూ గురించి మాట్లాడినట్టు మాట్లాడుకుంటారు. అంటే చెయ్యలేనిది కాదు.

తర్వాతి మీటింగ్‌లో నేనూ ఇంకొకావిడా, ఆమె రిటైర్డ్ నర్సు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడ, మేమిద్దరం నివేదిక రాస్తామని అడిగాం. కోరం కంటే తక్కువమంది తాత్కాలికంగా ఒక పని మీద కూర్చుంటే ఆ అజెండాల గొడవ ఉండదు. శాఖవాళ్ళు కొంచెం నొచ్చుకున్నారు. మా ఛైర్ పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి వచ్చిన మనిషి, "ఉత్తరం ఎవరికి వెళ్ళాలో అడ్రస్ రాస్తే చాలు, మిగతాది మీ ఇష్టం" అన్నాడు.

కొన్ని వారాలు రెండు సెంటర్లలో కూర్చుని ప్లేట్లు చూశాం. సంతకాల షీట్లలోని సంఖ్యలు శాఖని అడిగి తీసుకుని మెనూ పక్కన పెట్టాం. మాంసం ఉన్న రోజు ఎంతమంది, బీన్స్ సూప్ రోజు ఎంతమంది. ఒక సెంటర్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ షీట్లూ మెనూలూ రెండూ వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. ఒకదాని పక్కన ఇంకొకటి ఎవరూ పెట్టలేదంతే.

ఇక కోరిక. "సాంస్కృతిక వైవిధ్యం పెంచండి" అంటే ఎవరూ ఏమీ చెయ్యరు. భోజనాల కాంట్రాక్టు కొన్నేళ్ళకోసారి టెండర్‌కి వెళుతుంది. ఆ టెండర్ పత్రంలో షరతు లేకపోతే సరఫరాదారు పెట్టడు, మధ్యలో పెట్టమంటే రేటు పెంచుతాడు. కాబట్టి మా కోరిక ఇలా రాశాం: వచ్చే టెండర్‌లో కనీసం ఒక సెంటర్‌లో వారానికి రెండు రోజులు వేడి శాకాహార భోజనం అనే షరతు చేర్చే మార్గాలతో, ఖర్చుతో సహా, 90 రోజుల్లో తిరిగి రావాలని శాఖని ఆదేశించండి. నాన్నకి చూపిస్తే "ఆఁ, ఇది మార్క్ చెయ్యొచ్చు" అన్నారు. మొత్తం నివేదిక రెండు పేజీలు. హెల్త్ ఫెయిర్ ఫొటో తీసేసినందుకు మాలో ఒకాయన నాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. సూపర్వైజర్ నివేదిక చదవరు, చదివేది వాళ్ళ ఎయిడ్, అంటే ఆఫీసులో సహాయకులు. పాతికేళ్ళ కుర్రాడో అమ్మాయో, అజెండా ప్యాకెట్ వందల పేజీలు ముందేసుకుని కూర్చుంటారు. వాళ్ళకి రెండు వారాల ముందే వెళ్ళి పావుగంట చెబితే మీటింగ్‌లో మాట్లాడే మూడు నిమిషాల కంటే ఎక్కువ పని జరుగుతుంది. ఒక జాగ్రత్త ఉండాలి: ఒక సూపర్వైజర్ దీని గురించి ఏమనుకుంటున్నారో ఇంకొకరి ఆఫీసులో మోయకూడదు. మనం మోస్తే వాళ్ళ గొలుసు మన ద్వారా పూర్తవుతుంది, మళ్ళీ బ్రౌన్ యాక్ట్. ఇంటింటికీ కబుర్లు మోసే అలవాటున్నవాళ్ళకి ఇది కఠిన పరీక్షే.

మంగళవారం మీటింగ్. మా ఐటమ్ కన్సెంట్‌లోనే ఉంది. మా డిస్ట్రిక్ట్ సూపర్వైజర్ దాన్ని బయటికి లాగి విడిగా చర్చకి పెట్టారు, ఎయిడ్‌తో మాట్లాడిన ఫలం. కానీ ఆ రోజు జైలు గురించి ఏదో పెద్ద గొడవ, హాలు నిండా జనం, దాంతో పబ్లిక్ కామెంట్ మనిషికి ఒక నిమిషానికి కుదించారు. నాకు టెన్షన్. ఎందుకంటే చికెన్ ఏరి పక్కన పెట్టే ఆ పెద్దావిడని నేను మాట్లాడటానికి ఒప్పించి తీసుకొచ్చాను, ఆవిడ తెలుగులోనే మాట్లాడతానంది, అనువాదం చెయ్యడానికి ఇంకొకమ్మాయి పక్కన ఉంది. ఒక నిమిషంలో రెండు భాషలు ఎలా?

అనువాదకులతో మాట్లాడేవాళ్ళకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2016లో చేసిన సవరణ ఒకటుంది. మీటింగ్ నడిపే బోర్డు ఛైర్‌కి తట్టలేదు గానీ క్లర్క్‌కి నోటి చివరే ఉంది. టైమర్‌ని రెండు నిమిషాలకి మార్చి తలూపింది.

ఆవిడ చీరాల దగ్గర పల్లెటూళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. మైకు తన ఎత్తుకి వంచుకుంది. "నమస్కారమండీ. నేను పిల్లలకి చదువు చెప్పినదాన్ని. మా బళ్ళో మధ్యాహ్నం గుడ్డు పెట్టేవాళ్ళం. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇచ్చేవాళ్ళం. ఇక్కడ నేను చికెన్ ఏరి పక్కన పెట్టి రొట్టె తిని వస్తున్నాను. పారేస్తుంటే మనసుకి కష్టంగా ఉందండీ. అంతే." టైమర్‌లో ఇంకా బోలెడు సమయం మిగిలింది. ఆవిడ వచ్చి కూర్చుంది. నా మూడు నిమిషాల్లో నేను చెప్పిన అంకెలన్నీ సరైనవే, కానీ తర్వాత మాట్లాడిన సూపర్వైజర్ మొదలుపెట్టింది మాత్రం అరటిపండుతోనే.

శాఖ డైరెక్టర్‌ని సూపర్వైజర్లలో ఒకాయన సూటిగా అడిగాడు: ఎంతమంది రావడం మానేశారు? డైరెక్టర్, మానేసినవాళ్ళ లెక్క మేం పెట్టమండీ అంది. నిజమే చెప్పింది. ఐదుగురూ ఓటేశారు. మినిట్స్‌లో ఈసారి ఆ మూడు మాటల పక్కన ఇంకో వాక్యం పడింది, శాఖ పేరుతో, తేదీతో.

90 రోజులన్నది కాస్త జరిగింది, ప్రభుత్వం కదా. మెమో వచ్చింది, టెండర్‌లో షరతు చేరింది, ఒక సెంటర్‌లో మంగళ, గురువారాలు వేడి శాకాహార భోజనం మొదలైంది. రాజ్మా, అన్నం, ఇంకోరోజు శనగల కూర. మన టేబుల్ దగ్గర మొదటిరోజే ఫిర్యాదు: "ఈ పంజాబీ కూరలేంటమ్మా, కాస్త పప్పుచారు పెట్టించలేకపోయావా?" డైటీషియన్ ఉప్పు లెక్క ప్రకారం చప్పగానే ఉంటుంది. దానికి పరిష్కారం వాళ్ళే కనిపెట్టారు. చేతిసంచుల్లోంచి చిన్న చిన్న సీసాలు బయటికొస్తాయి, గోంగూర, మాగాయ. డైటీషియన్ సంతకం పెట్టిన మెనూలో అవి లేవు. వాలంటీర్ అటు తిరిగి సర్దుకుంటూనే ఉన్నాడు.

రెండో సెంటర్ సంగతి ఇంకా తేలలేదు. ఈ ఏడాది నివేదికలో మళ్ళీ దాన్నే పెడదామని కొందరు, వదిలేసి ఫోన్ లైన్ పెట్టించుకుందామని నేను. భోజనానికైనా బస్సుకైనా పేరు రాయించుకోవాలంటే ఇంగ్లీషు వాయిస్‌మెయిల్ ఎదురవుతోంది, అక్కడే సగంమంది వెనక్కి తగ్గుతున్నారు. రెండూ పెడదామని ఒకాయన. నాలుగు బాధల అర్జీ గురించి ఆయనకి నేను చెప్పి చూశాను, ఇంకా ఒప్పుకోలేదు. గురువారం మళ్ళీ మీటింగ్ ఉంది.

ఇది చదివేవాళ్ళలో కాలిఫోర్నియాలో ఉండి ఓపికున్నవాళ్ళకి ఒక మాట. ఏ కౌంటీ అయినా వచ్చే ఏడాదిలో ఖాళీ అయ్యే సలహా సంఘాల సీట్ల జాబితా ప్రతి డిసెంబర్ 31లోగా పెట్టి తీరాలి, మ్యాడీ యాక్ట్ ప్రకారం. ఎవరైనా మధ్యలో మానేస్తే 20 రోజుల్లో నోటీసు పెట్టాలి, పెట్టాక కనీసం పది పనిదినాలు ఆగాకే ఎవర్నైనా శాశ్వతంగా నియమించాలి. అంటే మీకు దరఖాస్తు చేసే టైము ఉంటుంది. క్లర్క్ ఆఫ్ ద బోర్డ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే చెబుతారు. దరఖాస్తులో "ఈ సంఘంలో ఎందుకు చేరాలనుకుంటున్నారు" అని ఒక గడి ఉంటుంది. సమాజ సేవ అని రాయకండి, అందరూ అదే రాస్తారు. మీ అత్తగారికి ఏ సెంటర్‌లో ఏం కావాలో అది రాయండి.